భద్రాచలం హాస్టళ్లలో హెచ్‌పీవీ టీకా, 2009–10

ప్రపంచీకరణ అనగానే మనకు సెల్‌ఫోన్లు, గనులు, పెద్ద కంపెనీలు గుర్తొస్తాయి. ఒకసారి అది సూది రూపంలో మన ఆడపిల్లల హాస్టళ్లకూ వచ్చింది.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. టీకా అమెరికా కంపెనీ మెర్క్‌ది. నడిపింది సియాటిల్‌కు చెందిన పాత్ సంస్థ, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం తోడుగా ఉన్నాయి. గుజరాత్‌లోని వడోదరలో ఇలాగే మరో కంపెనీ టీకా వేశారు.

ఆ బాలికల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో చదువుకుంటున్నవారే. అమ్మానాన్నలు పోడు పనుల్లో ఎక్కడో గూడెంలో ఉంటారు. మరి ఒప్పుకున్నదెవరు? ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు అని తేలింది. వార్డెన్లుగా ఈ అంకె దగ్గర మేము ఆగిపోతాం. పిల్లకు జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడం మా పని. ప్రయోగానికి ఒప్పుకునే హక్కు తల్లిదండ్రులదే, అది మాకు ఎవరూ ఇవ్వలేదు.

మహిళా సంఘాల వాళ్లు భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడాక విషయం బయటపడింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. ఆ కాలంలో ఆంధ్రలో అయిదుగురు, గుజరాత్‌లో ఇద్దరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేనట్టేనని ప్రభుత్వ విచారణ చెప్పింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం మాత్రం విచారణ తీరునూ, సమ్మతి తీసుకున్న పద్ధతినీ గట్టిగా తప్పుపట్టింది. కంపెనీల వ్యాపారానికి దారి వేయడమే దీని ఉద్దేశమని కూడా అంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. టీకా చెడ్డది కాదు. చాలా దేశాల్లో ఇస్తున్నారు, మన దేశంలోనూ ఇప్పుడు తయారవుతోంది. ఈ క్యాన్సర్ పేద స్త్రీలనే ఎక్కువగా చంపుతుంది, పరీక్ష చేయించుకునే వీలు పట్నం ఆమెకున్నంత మన అమ్మలకు లేదు కాబట్టి. అవసరం మనదే అయినా, ఏది, ఎప్పుడు, ఎవరికి అన్నది మనల్ని అడగకుండానే దూరాన తేలిపోయింది.

అప్పటి బాలికలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. మీ అక్కల్లో, వదినల్లో ఎవరి దగ్గరైనా ఆనాటి టీకా కార్డు ఉంటే ఫొటో తీసి సంఘానికి పంపండి.