మౌలివాక్కపు పాఠము: శిథిల సౌధముల కూల్పు

తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు మండలమునుండి విడివడి మదరాసు రాష్ట్రమున చేరినది. నాటినుండి అత్తిమంజేరిపేట తెలుగువారికి చెన్నపట్టణమే రాజధాని. కావున ఆ నగరపు అంచున తెలుగు కూలీలు పెక్కురు అసువులు బాసిన మౌలివాక్కపు వృత్తాంతము వారికి పరాయి చరిత్రము కాదు.

మౌలివాక్కము పోరూరు చెంతనున్నది. అచ్చట ఒకే ఆవరణమున 11 అంతస్తుల సౌధములు రెండు లేచుచుండెను. 2014 జూన్ 28వ తేదీ సాయంకాలము, వాన కురియుచుండగా, వానిలో నొకటి నేలమట్టమయ్యెను. 61 మంది మరణించిరి. బ్రతుకుతెరువునకై వచ్చిన శ్రీకాకుళ, విజయనగర మండలములవారు మృతులలో పెక్కురు. వాన నెపము మాత్రమే. నిర్మాణమున జరిగిన లోపములు పిదప విచారణలో వెల్లడియైనవి.

మిగిలిన రెండవ సౌధము రెండేండ్లకు పైగా పొరుగిండ్లవారికి భయకారణమై నిలిచెను. న్యాయస్థానముల విచారణానంతరము 2016 నవంబరు 2వ తేదీన దానిని కూల్చిరి. చుట్టును ఇండ్లుండుటచే అది ప్రక్కకు ఒరుగరాదు. ఇట్టిచోట పేలుడుమందు భవనమును ఎగురగొట్టుటకు గాదు. భారము మోయు స్తంభములను తెంచుటకే. స్తంభములకు రంధ్రములు తొలిచి మందు కూరుదురు. రాళ్ళు ఎగిరిపడకుండ తీగవలలు, దళసరి బట్టలు చుట్టుదురు. మందు అంతయు ఒక్కమారు పేలదు. క్షణభాగముల తేడాతో వరుసగా పేలును. అంతట భవనము స్వభారముచేతనే తనలోనికి కుంగును. ఆనాడు పొరుగువారిని ముందుగనే ఖాళీచేయించిరి. కొన్ని క్షణములలో పని ముగిసెను. ఒక్క ప్రాణమునకును హాని కలుగలేదు.

అయితే ఈ పద్ధతి అన్నిచోట్ల చెల్లదు. తెలుగు నేతకుటుంబమున జనించిన పిట్టి త్యాగరాయశెట్టి పేరిట వెలసిన త్యాగరాయనగరమున, ఉస్మాన్ రోడ్డులో, చెన్నై సిల్క్స్ వస్త్రశాల 2017 మే 31వ తేదీన అగ్నికి ఆహుతియయ్యెను. ఉక్కు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి తన బలములో సుమారు సగము కోల్పోవును. అట్లు కాలిన కట్టడములోనికి రంధ్రములు తొలుచుటకు మనుష్యులను పంపరాదు. కావున దవడలవంటి కత్తెరగల పొడుగుచేయి యంత్రముతో వెలుపలినుండియే దానిని ముక్కముక్కగా కొరికించిరి. అయినను జూన్ 10వ తేదీన శిథిలములు పైబడి యంత్రము నడుపు పనివాడొకడు మరణించెను.

ఈ మూడు ఘటనలను కలిపి చూడవలెను. 2016లో స్తంభమునకు స్తంభము లెక్కగట్టి పొరుగువారిని కాపాడిరి. ఆ లెక్కయే కట్టునపుడు జరిగియుండిన, 61 మంది తమ యూళ్ళు చేరియుందురు. కూల్చుటయం దెంత నేర్పు కుదిరినను, కట్టునపుడు చూపవలసిన శ్రద్ధకు అది బదులు కాజాలదు. పొరుగువాని ప్రాణముతోబాటు పనివాని ప్రాణమును గూడ సమముగ లెక్కించిననాడే కట్టుటయు కూల్చుటయు క్షేమవిద్యలు కాగలవు.