విమానములలో పసిబిడ్డలు

ఏ దేశమునందైనను క్రొత్త వాహనమొకటి వాడుకలోనికి వచ్చినప్పుడెల్ల, దానిలో నెవరు కూర్చుండవచ్చును, ఎవరు కూర్చుండరాదు అను వివాదము వెంటనే పుట్టుచుండును. మన దేశమున 1853వ సంవత్సరమున రైలుబండి బయలుదేఱిన పిమ్మట, వేఱువేఱు కులములవారొక్క పెట్టెలో నెట్లు కూర్చుందురని శంకించినవారు లేకపోలేదు. కాలక్రమమున నా శంక తీఱినది. ఇప్పుడు విమానముల వంతు వచ్చినది. ఈ పర్యాయము వివాదము పసిబిడ్డలనుగూర్చి. ఏడ్చి, అల్లరిచేసి, చెప్పినమాట వినని బిడ్డను, ఆ బిడ్డతోపాటు తల్లిదండ్రులను విమానమునుండి దింపివేయుటకు విమానసంస్థలకు హక్కు కలదా? కలిగినను దాని నుపయోగించుట న్యాయమా? ఈ విషయమును చరిత్ర ననుసరించి విచారింపదలచితిమి.

నలుగురు కలసి పయనించు వాహనమునకు నియమము లుండుట నేటి మాట కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున నావధ్యక్షుని విధులను చెప్పుచోట, బాలురు, వృద్ధులు, రోగులు, గర్భిణులు మొదలగువారు అధ్యక్షుని ముద్రతో నది దాటవచ్చునని విధింపబడినది. మనుస్మృతియు రెండు మాసములు దాటిన గర్భిణియొద్ద రేవుసుంకము గొనరాదని చెప్పుచున్నది. ఆ గ్రంథములలో నేటివారు త్యజింపవలసిన విధులు పెక్కులు గలవు. అయినను ఈ యొక్క విధియందలి భావము గ్రహింపదగినది. బిడ్డయు, బిడ్డను మోయు తల్లియు పడవవానికి ప్రత్యేకమైన బాధ్యతయని యాకాలపువారు తలంచిరి.

విమానములలో ప్రయాణికుని దింపు నధికార మెట్లు వచ్చినదో చూతము. 1963వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన టోకియో నగరమున ననేక దేశములవారు చేరి యొక యొడంబడిక చేసికొనిరి. అది 1969వ సంవత్సరము డిసెంబరులో నమలులోనికి వచ్చినది. మన దేశము దాని ననుసరించి 1975లో చట్టము చేసినది. విమానమునకుగాని, అందలి జనులకుగాని అపాయము కలిగించువానిని, లేక విమానములోని క్రమమును చెఱచువానిని, తగిన కారణమున్నయెడల విమానాధిపతి యదుపులో నుంచవచ్చును, దింపివేయవచ్చును. భూమికి ఆఱేడు మైళ్ల యెత్తున పోలీసువాడు లేడు, న్యాయస్థానము లేదు. కావున నిట్టి యధికార మొకరి చేతిలో నుండుట యవశ్యకమే. అయితే ఆ యొడంబడిక చేసినవారు తలపోసినది త్రాగి తగవులాడువారిని, చేయి చేసికొనువారిని, విమానమును బలాత్కారముగా లోగొనువారిని గూర్చి. రెండేండ్ల బిడ్డ వారి తలంపునకు వచ్చియుండునని మేము నమ్మజాలము.

అయినను బిడ్డలకే యా యధికారము వర్తించిన దినములు వచ్చినవి. 2007వ సంవత్సరము జనవరి 14వ తేదీన అమెరికాలో ఫోర్ట్ మయర్స్‌నుండి బోస్టనుకు పోవలసిన ఏర్‌ట్రాన్ విమానములో మూడేండ్ల బాలిక తన యాసనమున గూర్చుండనని మొండికెత్తినది. ఏడ్చినది, తల్లిదండ్రులను కొట్టినది, ఆసనము క్రింద దూఱినది. ఆ దేశపు నియమము ననుసరించి రెండేండ్లు నిండిన బిడ్డ ప్రత్యేకాసనమున సీటుబెల్టు కట్టుకొని కూర్చుండనిదే విమానము కదలరాదు. విమానమప్పటికే పావుగంట యాలస్యమైనది. ఇతర ప్రయాణికులు నూఱుమందికి పైగా నున్నారు. సిబ్బంది యా కుటుంబమును దింపివేసిరి. బిడ్డను లాలించుటకు తమకు తగిన వ్యవధి యీయలేదని తల్లిదండ్రులు చెప్పిరి. సంస్థవారు టిక్కెట్టుసొమ్ము తిరిగి యిచ్చి, మీదుమిక్కిలి యుచితప్రయాణమును ఇవ్వజూపిరి. అమెరికాలో నీ సంగతిమీద నింటింట వాదము చెలరేగినది.

రెండేండ్లు గడచిన పిమ్మట, 2009వ సంవత్సరము అక్టోబరులో, టెక్సాసు రాష్ట్రమందలి అమరిల్లోనుండి బయలుదేఱిన సౌత్‌వెస్ట్ విమానములో రెండేండ్ల బాలుడు పెద్దగా కేకలు వేసెను. విమానము కదలవలెనన్నదే వాని గోల. వాని కేకలవలన రక్షణసూచనలు వినబడుటలేదని చెప్పి, కదలిన విమానమును వెనుకకు మరల్చి తల్లిని బిడ్డను దింపివేసిరి. పిమ్మట సంస్థవారే క్షమాపణ చెప్పుకొని సొమ్ము వాపసు చేసిరి.

ఈ రెండు సంగతులును పైకొక్కటివలె గనబడును గాని వీనిలో భేదము గలదు. మొదటిదానిలో నున్నది రక్షణనియమము. బెల్టు లేని బిడ్డ విమానము కుదుపులకు లోనైనప్పుడు తానే గాయపడును. 1989వ సంవత్సరము జూలై 19వ తేదీన అయోవా రాష్ట్రమందలి సూసిటీవద్ద యునైటెడ్ సంస్థవారి విమానము కూలినప్పుడు, ఒడిబిడ్డలను నేలమీద నుంచి పట్టుకొనుడని తల్లులకు చెప్పవలసివచ్చినది. వారిలో నొక బిడ్డ మరణించెను. అట్లు చెప్పిన విమానసేవిక తదుపరి యనేక సంవత్సరములు బిడ్డలకు ప్రత్యేకాసన ముండవలెనని పాటుపడినది. కావున మూడేండ్ల బిడ్డకు బెల్టు కట్టవలెననుట క్రౌర్యము గాదు. రెండవదానిలో నున్నది ముఖ్యముగా శబ్దము. శబ్దము విసుగు పుట్టించును, విమానమును పడద్రోయదు. సూచనలు వినబడకున్న మరల చెప్పవచ్చును. ఈ భేదమును గుర్తింపకపోవుటయే మొత్తము వివాదమునకు మూలమని మా యభిప్రాయము.

బిడ్డ యేల యేడ్చునో కూడ విచారింపవలెను. విమానము పైకెగిరినపుడు లోపలి గాలియొత్తిడి సుమారు 8,000 అడుగుల యెత్తుగల పర్వతముమీది యొత్తిడి వఱకు తగ్గును; దిగునపుడు మరల పెరుగును. చెవినుండి గొంతునకు బోవు సన్ననినాళము తెఱచుకొనకున్న చెవి నొప్పించును. పెద్దవాడు మ్రింగియో, ఆవులించియో యా బాధను తప్పించుకొనును. పసిబిడ్డకు తెలిసినది యేడ్చుటయే. పాలిచ్చినయెడల మ్రింగుటవలన కొంత యుపశమించును. దీనికి తోడు, 1978వ సంవత్సరమున అమెరికాలో విమానయానముపై ప్రభుత్వపు నిర్బంధములు సడలిన పిదప ఛార్జీలు తగ్గి, సామాన్య కుటుంబములును విమాన మెక్కసాగినవి. అదే సమయమున ఆసనముల నడిమి యెడము తగ్గినది, విమానములు క్రిక్కిఱిసినవి. పెద్దవారికే కాళ్లు చాపుకొన వీలులేనిచోట, నడవ నేర్చుచున్న బిడ్డను గంటలకొలది కదలకుండ కూర్చుండుమనుచున్నాము. అల్లరిలో కొంత భాగము బిడ్డది కాదు, ఏర్పాటుది.

నియమము లోకజ్ఞానమును విడిచినప్పుడేమగునో కోవిడు కాలము చూపినది. 2021వ సంవత్సరము ఫిబ్రవరి మొదలు 2022 ఏప్రిలు వఱకు అమెరికా విమానములలో రెండేండ్లు దాటిన ప్రతివారును ముసుగు ధరింపవలెనను నాజ్ఞ యుండెను. ఐదేండ్ల లోపువారిని నిర్బంధింపనక్కఱలేదని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నను, ముసుగు నుంచుకొనని రెండేండ్ల బిడ్డలతో గూడ గొన్ని కుటుంబములను దింపివేసిరి. ముసుగు లాగివేయు రెండేండ్ల బిడ్డయు, విమానసేవికపై చేయి చేసికొను పెద్దవాడును ఒక్క పేరుతోనే పిలువబడిరి. మన శిక్షాస్మృతి 1860వ సంవత్సరమునుండి ఏడేండ్ల లోపు బిడ్డ చేసిన పని నేరమే కాదని చెప్పుచు వచ్చినది; 2024 జూలైనుండి యమలులోనున్న క్రొత్త న్యాయసంహితయు నదే చెప్పుచున్నది. న్యాయస్థానము నేరస్థుడనని బిడ్డను విమానద్వారము నేరస్థునిగా జూచుట వింతగా నున్నది.

మన దేశపు టుదాహరణ మొకటి చెప్పెదము. 2022వ సంవత్సరము మే 7వ తేదీన రాంచీ విమానాశ్రయమున, హైదరాబాదునకు రావలసిన ఇండిగో విమానమునందు ప్రత్యేకావసరములుగల యొక బాలుని నెక్కనీయలేదు. బాలుడు కలవరపడియున్నాడనియు, ఇతరులకు ప్రమాదమనియు సిబ్బంది చెప్పిరి. బాలుడు పయనించుటకు దమ కభ్యంతరము లేదని తోడి ప్రయాణికులు వాదించిరి. వారిలో వైద్యులు నుండిరి. అయినను ఫలము లేకపోయినది. పౌరవిమానయాన శాఖవారు విచారించి, సిబ్బంది కరుణతో మెలగియుండినచో బాలుడు శాంతించియుండెడివాడని నిర్ణయించి, సంస్థకు 5 లక్షల రూపాయల జుల్మానా విధించిరి. అదే సంవత్సరము జూలైలో నిబంధనలను మార్చిరి. వైకల్యము కారణముగా నెవరిని నిరాకరింపరాదు. ప్రయాణికుని యారోగ్యము మార్గమధ్యమున చెడునని సంస్థకు తోచినయెడల వైద్యునిచే పరీక్షింపజేసి, ఆ యభిప్రాయము ననుసరించియే నిర్ణయింపవలెను. ఒక కుటుంబము పడిన యవమానమునుండి పుట్టినదైనను, ఈ నియమము మంచి నియమము. అధికారము మిగిలియున్నది, దానికి కారణము చూపు బాధ్యత చేరినది.

ప్రతిపక్షమువారి మాటయు వినవలెను. ఆసనమునకు సొమ్ము చెల్లించి, ఱేపటి పనికై నిద్రింపగోరువాడు రాత్రియంతయు వెనుకనుండి తన్నులు తినుట న్యాయమా యని వా రడుగుదురు. న్యాయము గాదు. బిడ్డ నటునిటు పరుగెత్తనిచ్చి, తాము తెరవంక చూచుచు కూర్చుండు తల్లిదండ్రులు నిందార్హులే. బిడ్డకు నేరము లేదన్నంతమాత్రమున పెద్దలకు బాధ్యత లేదని యర్థముకాదు. అట్టివారిని సిబ్బంది హెచ్చరింపవచ్చును, ఆసనములు మార్పవచ్చును. కొన్ని సంస్థలు వేఱు మార్గములను వెదకినవి. ఏర్‌ఏషియా ఎక్స్ వారు 2013లోను, మన ఇండిగోవారు 2016లోను కొన్ని వరుసలను నిశ్శబ్దస్థానములుగా నేర్పఱచి, అచట బిడ్డలకు చోటీయమనిరి. జపాన్ ఏర్‌లైన్సువారు 2019లో పసిబిడ్డ లెచట గూర్చుందురో ఆసనపటముమీదనే చూపసాగిరి. విమానములో బిడ్డలకు చోటున్నంతవఱకు ఇట్టి యేర్పాటులను మేమాక్షేపింపము. మన పౌరవిమానయాన శాఖవారు 2024 ఏప్రిలులో పండ్రెండేండ్ల లోపు బిడ్డలకు తల్లిదండ్రులలో నొకరి ప్రక్కనే యాసనము చూపవలెనని యాజ్ఞాపించిరి. అల్లరిని నివారించు నుపాయములలో నింతకంటె చవుకైనది మఱియొకటి లేదు.

ఇక ముఖ్యవిషయము. దింపివేత యెవరిమీద బడునో గమనింపుడు. నేడు వేలకొలది తెలుగు కుటుంబములు అమెరికాదులయందు కాపురమున్నవి. పురిటికి వచ్చిన కోడలు, తల్లిని చూడవచ్చిన కూతురు చంకలో బిడ్డతో, తోడెవరును లేక, ఒక పగలు నొక రాత్రియు పయనించుచున్నది. ఆమెను నడిమి దేశపు విమానాశ్రయమున దింపివేసినచో, ఆమె యెవరి నడుగవలెను? బిడ్డ పాలడబ్బాలు పెట్టెలో విమానములో నుండును. ఆమె గడపయొద్ద నుండును. స్త్రీ చదువుకొనవలెననియు, ఇల్లు దాటవలెననియు మన పెద్దలు నూఱేండ్లకుపైగా పోరాడిరి. ఇల్లు దాటుమని చెప్పి, బిడ్డను మాత్రము వెంట దేవలదనుట, ఆమెను మరల నింటనే యుంచుట గాక మఱేమి?

కావున మేము చెప్పవచ్చున దిది. విమానాధిపతి యధికార ముండవలెను. రక్షణకు నిజముగా భంగము కలిగినప్పుడు, లాలించుటకు వ్యవధి యిచ్చి, సాయము చేసి, ఆసనము మార్చి, ఇవన్నియు విఫలమైన పిమ్మటనే దాని నుపయోగింపవలెను. ఏడ్పు మాత్రమే కారణము కారాదు. దింపినయెడల, కారణమును వ్రాతమూలముగా నిచ్చి, వారి సామానును వారికి చేర్చి, తరువాతి విమానమున రుసుము లేక చోటిచ్చి, అంతవఱకు బసయు, బిడ్డకు పాలును సంస్థయే సమకూర్పవలెను. ఇట్టి బాధ్యత మెడమీద నున్నచో దింపివేయుటకు ముందు సిబ్బంది మఱియైదు నిమిషములు వేచియుందురు. పెక్కుసారులు బిడ్డ యూరకుండుట కా యైదు నిమిషములే చాలును.