కోతపండుగ: కృతజ్ఞతకు తెలుగు రూపము

మేలు చేసినవానికి వెంటనే ఒక మాటతో బదులు చెల్లించుట తెలుగుపల్లెల వాడుకలో లేదు. ధన్యవాదములు పుస్తకములనుండి దిగివచ్చినవి. "మీ మేలు మరువను" అనుటయే నోటికి సహజమైన మాట. కృతజ్ఞత యనగా చేసినదానిని ఎరిగియుండుట. ఎరిగియుండుటకును పైకి పలుకుటకును చాల దూరమున్నది. ఆ యెరుకకు జనులు పెట్టుకొన్న పేరు విశ్వాసము. ఉప్పు తిన్నవాడు చూపవలసిన గుణమది. అది లేనివానిని కుక్కకున్న విశ్వాసమైన లేదని తిట్టుదురు. ఈ మాటనే తెలుగు క్రైస్తవులు దేవునియందలి నమ్మికకు గ్రహించిరి. యజమానికి సేవకుడు చెల్లింపవలసినదాని పేరే దేవునియెదుట భక్తుని గుణమునకు పేరైనది. ఆంధ్రదేశమందలి కోతపండుగ చరిత్రను ఈ మాటను విడిచి చెప్పుట కష్టము.

పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవమును స్వీకరించిన తెలుగువారిలో అధికసంఖ్యాకులు మాలమాదిగలు. వారిలో సొంత పొలము గలవారు అరుదు. నాటు వేసి, కలుపు తీసి, కోసి, కుప్పవేసి, నూర్చి, తూర్పారబట్టినవారు వారే. పంట మాత్రము వారిది కాదు. కళ్లములో కొలతలు ముగిసిన పిదప మేరగా దొరకు గింజలును, కోసిన చేలలో స్త్రీలు ఏరుకొను పరిగెయు వారి పాలు. ఆ మేరకై చేయి చాచవలెను, తల వంచవలెను. పంటకాలమున కృతజ్ఞత యనగా వారు తరతరములుగ ఎరిగిన రూపమిదియే. మోషే ధర్మశాస్త్రమందలి కోతవిధులను తెలిగించినవారు పరిగె యను పల్లెమాటనే వాడిరి. రూతు కథ విన్న కూలిస్త్రీకి ఆమె పరదేశిగా తోచియుండదు. అనువాదవిద్యలో ఒక్కొక్క చిన్నమాట చేయు పని పెద్ద వ్యాఖ్యానములు చేయలేవు.

పండుగగా ఈ యాచారము బయటినుండి వచ్చినదే. ఇంగ్లండులో కార్న్‌వాల్ సీమయందలి మోర్వెన్‌స్టో గ్రామగురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ 1843లో కోతకు ప్రత్యేకారాధన నేర్పరచెను. అది క్రమముగ ఆంగ్లికన్ సంఘములందు వ్యాపించెను. అమెరికాలో అధ్యక్షుడు లింకన్ 1863లో నవంబరు చివరి గురువారమును కృతజ్ఞతాదినముగా ప్రకటించెను. ఇంగ్లండులో గోధుమకోత ముగిసి పండుగ జరుగు సెప్టెంబరునాటికి మన వరి యింకను పచ్చగనే యుండును. అందుచే ఇచ్చట పండుగ కార్తిక మార్గశిరముల వైపునకు జరిగినది. ఆరాధనక్రమము దొరలదే కాని పంచాంగము వరిది.

కృతజ్ఞత ఎవరికన్న ప్రశ్న 1876-78 నాటి ధాతకరవులో తీవ్రముగ ముందుకు వచ్చెను. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగము త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. తిండికై మతము మారిరను నింద రాకుండుటకు కరవుసహాయము సాగినంతకాలము బాప్తిస్మము లిచ్చుట ఆపెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెలంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ స్వయముగ నీటిలో దిగలేదు. తెలుగు బోధకులు ఆరుగురు ఆ కార్యము నడిపిరి. నిందించినవారు అన్నమే కారణమనిరి. సమర్థించినవారు దైవకృప యనిరి. కాలువ త్రవ్వి తెచ్చుకొన్నది కూలియే కాని భిక్ష కాదను సంగతి ఇరువురును చాలినంతగ తలచినట్లు కానరాదు. తన చెమటకు వచ్చిన గింజకై మానవునికి తల వంచనక్కరలేదు.

ఈ సంగతిని ఆచరణలో స్పష్టపరచినది దోర్నకల్ సంఘము. తిరునల్వేలి సీమలో 1874లో పుట్టిన వి. ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘమున భారతీయులలో ఆయనయే మొదటివాడు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిపై ఆయన పోరాడెను. క్రైస్తవుల దానధర్మమును గూర్చి ప్రత్యేకముగ ఒక గ్రంథమే రచించెను. పేదవాడు ఇయ్యజాలడను మాటను ఆయన దయగా నెంచలేదు, అవమానముగా నెంచెను. అన్నము వండునప్పుడెల్ల ఇల్లాలు పిడికెడు బియ్యము వేరు కుండలో వేసి ఆదివారమున గుడికి తెచ్చుట అచటి యాచారము. కోతపండుగ నాడు వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, గ్రుడ్లు, అరటిగెలలు బలిపీఠము చెంతకు చేరును. నిన్నటివరకు కళ్లములో చేయి చాచినవాడు నేడు రెండుచేతుల నిండ మోసికొని నిటారుగ నడచివచ్చుచున్నాడు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమునందు హిందూ మహమ్మదీయ శిల్పరీతులు కలిసియున్నవని యాత్రికులు మెచ్చుకొందురు. ఆ పిడికెడు బియ్యపు కుండకు మాత్రము శిల్పశాస్త్రమున చోటు దొరకలేదు.

ఆరాధన ముగిసిన వెనుక వేలము జరుగును. పాటలో గుమ్మడికాయ సంతధరను మించిపోవును; కోడి యెగిరిపోయిన పిల్లలు తరుముదురు. భక్తికిది తగునా యని ముక్కు విరుచువారు లేకపోలేదు. కాని ఇచ్చుటలోని యానందము గాంభీర్యమునకు లోబడవలెనను నియమమేమియు లేదు.

కృతజ్ఞత అన్ని గాయములను మాన్పలేదనుటకు సాహిత్యమే సాక్షి. క్రైస్తవకుటుంబమున పుట్టిన జాషువ 1941లో ప్రకటించిన గబ్బిలమునందు ఆకలిగొన్న అరుంధతీసుతుడు శివునికి పంపినది స్తోత్రము కాదు, అభియోగము. ఆ కావ్యమును కోతపండుగ ప్రక్కన నుంచి చదువుట మేలు. గుడిలో కంకి నర్పించిన చేతికి పొలముపై హక్కు కలుగలేదు. ఆ లోటును ఏ కీర్తనయు పూరింపలేదు.

పొలము దొరకనివారి సంతతిలో ఎందరో మగ్గములకును మిల్లులకును కూలికి పోయిరి. తెలుగు నేతకుటుంబములు తరతరములుగ చేరుచున్న సూరత్ సీమలో, జాతీయరహదారిపైనున్న కడోదరా అట్టి మిల్లుల యూరు. దీపావళికి మగ్గములు నిలిచిపోవును. వలసకూలీలు రైళ్లు నిండి స్వగ్రామములకు మరలుదురు. గుజరాతీ వర్తకులు లాభపంచమినాడు కొత్తలెక్కలు తెరతురు. ఆ దినములలోనే తెలుగుచేలలో కొడవళ్లు దిగును. కడోదరానుండి ఇల్లు చేరిన క్రైస్తవుడు కోతపండుగకు పోయినచో అతనియొద్ద కంకి యుండదు, కళ్లపు ధూళియు నుండదు. మీటర్ల లెక్కను వచ్చిన కూలి జేబులో నుండును. అందులో అర్పణభాగ మెంతయో అతడే తీయవలెను. పిడికిలితో కొలుచుటకు వీలులేని పంట అది.