ఆర్టిచోక్ (ఉడికించినది)

పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన ఈ మధ్యధరా మొక్క విచ్చుకోని మొగ్గను కూరగాయగా తింటారు. రేకుల మొదళ్లలోని కండ, అడుగునున్న మెత్తని భాగమే తిండికి పనికొస్తాయి. మధ్యలోని నూగును తీసి పారేయాలి.

ఉడికించిన 100 గ్రాములలో సుమారు 84 గ్రాములు నీరే. శక్తి 53 కిలోక్యాలరీలు, పిండిపదార్థాలు 12 గ్రాములు, మాంసకృత్తులు 3 గ్రాములు, ఫోలేట్ 89 మైక్రోగ్రాములు, పొటాషియం 286 మిల్లీగ్రాములు. కొవ్వు దాదాపు లేనట్టే. అయితే రోమ్ యూదుల పద్ధతిలో ఆలివ్ నూనెలో వేయిస్తే ఆ లెక్క తప్పుతుంది.

దీని అసలు బలం పీచు, 5 గ్రాములకు పైమాటే. ఇందులోని ఇన్యులిన్ అనే పీచు చిన్నపేగులో అరగదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. అలవాటు లేనివారికి కడుపుబ్బరం అందుకే. మరో వింత: ఇందులోని సైనరిన్ అనే పదార్థం వల్ల, ఇది తిన్నాక తాగిన మంచినీళ్లు చాలామందికి తియ్యగా అనిపిస్తాయి.