ఫ్రేము పెంచే ముందు భుజాల్ని అడగాలి

ఈ మధ్య మన సాఫ్ట్‌వేర్ జనాల్లో కొందరికి ఇంట్లోనే మోషన్ సిమ్యులేటర్ కట్టుకునే సరదా పట్టుకుంది. అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్ ముక్కలు తెప్పించడం, గాడిలో నట్టు దూర్చి బోల్టు బిగించడం, పైన సీటూ స్టీరింగూ పెట్టి కింద మోటార్లు తగిలించడం. ఇంతవరకూ బానే ఉంటుంది. కొన్నాళ్ళకి మూడు మానిటర్లు పెట్టాలనిపిస్తుంది, పెడల్స్ ఇంకాస్త ముందుకి జరపాలనిపిస్తుంది. "ఫ్రేము ఇంకో అడుగు పెంచితే పోలా?" అనుకుంటారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఎందుకంటే పొడవు పెంచడమంటే కూడిక కాదు, ఘనం. అదే బరువుకి దూలం ఎంత వంగుతుందన్నది దాని పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. 1200 మిల్లీమీటర్ల ముక్కని 1500 చేశారనుకోండి, పొడవు పెరిగింది పాతిక శాతమే, వంపు మాత్రం దాదాపు రెట్టింపు. పైగా అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతైతే, గట్టిదనమూ ఇంచుమించు మూడో వంతే. నిలబడి ఉన్న బల్లకైతే ఫరవాలేదు. ఇది కదిలేది, అదీ కుదుపులతో.

కదిలే ఫ్రేము చరిత్ర ఎక్కడ వెతికినా 1929 దగ్గర మొదలుపెడతారు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన, వాళ్ళ నాన్నగారి ఆర్గన్ల ఫ్యాక్టరీలో ఉండే గాలితిత్తుల్నే వాడి ఉత్తుత్తి విమానం ఒకటి తయారుచేశాడు. మొదట్లో సైన్యం పెద్దగా పట్టించుకోలేదు. 1934లో టపా విమానాలు నడిపే పని సైన్యం మీద పడి, చెడు వాతావరణంలో పైలట్లు వరసగా చనిపోయాక ఆరు కొన్నారు. తర్వాత ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ ఇంజనీరు గఫ్, టైర్ల పరీక్ష కోసం ఆరు కాళ్ళ యంత్రం కట్టాడు. అది 1950ల మధ్యలోనే పనిచేస్తోంది. 1965లో స్టీవర్ట్ విమాన సిమ్యులేటర్ల కోసం ఇలాంటి వేదిక గురించి వ్యాసం రాస్తే, చివరికి పేరు ఆయనదే నిలిచిపోయింది. (క్రెడిట్ ఎవరికి పోతుందో మన ఆఫీసుల్లో తెలియంది కాదు కదా :) )

ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ, పైకీ కిందికీ, ఇవి కాక మూడు రకాల తిరుగుళ్ళు. మొత్తం ఆరు కదలికలు. సిమ్యులేటర్లో నేల కదలదు, పైనున్న సీటు ఈ ఆరు రకాలుగానూ కదలాలి. దీన్ని తిరగేసి చూడండి. నేల ఆరు రకాలుగా ఇబ్బంది పెడుతుంటే పైనున్నది మాత్రం నిటారుగా నిలబడాలి. ఆ లెక్కని మా కోనసీమలో ఏటా కనుమ నాడు చేస్తారు. మోటార్లతో కాదు, భుజాలతో.

అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ఉంది. గుడి లేదు, గోపురం లేదు, ఉత్త కొబ్బరితోట. కనుమ రోజున చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, ప్రభల మీద అక్కడికి చేరతారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి. నాలుగు వందల ఏళ్ళ పైబడిన ఆచారమని పెద్దలు చెబుతారు. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చేవాడు, వ్యాఘ్రేశ్వరుడు అధ్యక్షుడు. ఆయన ప్రభ రాగానే మిగతా ప్రభలన్నిటినీ గౌరవంగా ఒకసారి పైకి లేపుతారు.

ప్రభ అంటే చూడనివాళ్ళకి చెప్పాలి. కింద దుంగలతో గట్టి చట్రం, మోయడానికి వాసాలు, పైన వెదురు బద్దలు వంచి కట్టిన పెద్ద విల్లు లాంటి ఆకారం, దాని మీద రంగు బట్టలు, పూలు, నెమలి ఈకలు. మధ్యలో స్వామి. బరువంతా అడుగున, ఎత్తంతా వెదురుది. వెదురు లోపల బోలు, మధ్యమధ్య కణుపులు, బరువు తక్కువ, వంగుతుంది గానీ తొందరగా విరగదు. ఎక్స్‌ట్రూజన్ ముక్కని కూడా లోపల బోలుగా, మధ్యలో పక్కటెముకల్లాంటి గోడలతో చేస్తారు. ఆలోచన ఒకటే.

అసలు విశేషం దారిలో ఉంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలువలో దిగి దాటాలి. నీళ్ళలో మనుషులు మునిగి తేలుతూ, ప్రభ పక్కకి ఒరగకుండా అవతలి గట్టెక్కిస్తారు. "హరహర మహాదేవ", "శరభ శరభ" కేకలే వాళ్ళకి తాళం, సిగ్నలు. ఎడమవైపు వాళ్ళ కాలు బురదలో దిగిందంటే, ఆ భుజాలు లేవాలి, కుడి భుజాలు తగ్గాలి. ఒక్కో మనిషీ సెన్సరూ తనే, మోటారూ తనే. పచ్చటి చేలో నుంచి నడుస్తారు. పైరు తొక్కారని ఏ రైతూ కోప్పడడు, స్వామి అడుగు పడిందని సంతోషిస్తాడు.

ఇప్పుడు ఎత్తు పెంచే సంగతి. ఊరన్నాక పోటీ ఉంటుంది, పక్కూరి ప్రభ కంటే మనది ఓ మూర ఎక్కువుండాలని ఎవరికుండదు? వెడల్పు అలాగే ఉంచి ఎత్తు రెట్టింపు చేస్తే, గాలి తగిలే విస్తీర్ణం రెండింతలు, ఆ గాలి తోసే దూరం రెండింతలు. అంటే పడదోసే బలం నాలుగింతలు. వెడల్పు కూడా రెట్టింపు చేస్తే ఎనిమిదింతలు. భుజాలు మాత్రం ఎనిమిదింతలు కావు, చట్రం కింద అంతమందికి చోటుండదు.

కోటప్పకొండ వాళ్ళు ఇదే సమస్యని ఇంకోలా పరిష్కరించారు. పల్నాడులో శివరాత్రికి కట్టే ఆ ప్రభలు 80, 90 అడుగుల దాకా లేస్తాయి, ఒళ్ళంతా కరెంటు దీపాలు. అవి చక్రాల మీద వెళ్తాయి. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. కింద బేస్ మార్చారు గనక పైన పెంచగలిగారు. అందులో తప్పేం లేదు. కానీ చక్రానికి రోడ్డు కావాలి, అది కౌశికలో దిగదు. 2023 రిపబ్లిక్ డే నాడు మన రాష్ట్ర శకటంగా కోనసీమ ప్రభల తీర్థం ఢిల్లీ కర్తవ్యపథ్ మీద నడిచింది. అక్కడ అందరి శకటాల్లాగే అదీ చక్రాల మీదే. చూసి గర్వపడ్డాం, నిజమే, కానీ అందులో లేనిది భుజమే.

నా భయమంతా అక్కడే. ఆ భుజాలు ఎక్కడున్నాయి? సగం హైదరాబాదులో, బెంగుళూరులో, డాలస్‌లో కీబోర్డుల ముందున్నాయి. పండక్కి వచ్చినవాళ్ళు వస్తారు, రానివాళ్ళు వీడియో చూస్తారు. మోసేవాళ్ళు తగ్గితే రెండే దారులు: ప్రభని తగ్గించడం, లేదా కింద చక్రాలు పెట్టడం. రెండోదే తేలిగ్గా తోస్తుంది. ఒకసారి చక్రాలు వచ్చాక ఎత్తుకి హద్దుండదు, దారి చేలోంచి రోడ్డు మీదకి మారుతుంది, కరెంటు తీగలు అడ్డమొస్తాయి. ఇన్నాళ్ళూ ప్రభ కొలతని అదుపులో పెట్టింది ఏ రూల్ పుస్తకమూ కాదు, మోసేవాడి మెడ నొప్పి. మోసేవాడే డిజైన్‌లో భాగమైనప్పుడు ఫ్రేము హద్దు దాటదు. మోసేవాడు వేరు, పెంచేవాడు వేరు అయినప్పుడే ఏ ప్రాజెక్టైనా పడిపోయేది. ఇది మీకు నేను చెప్పాలా?

అందుకే ఒక్క మాట. ఈసారి కనుమకి ఊరెళ్తే ఫోటోలతో పాటు ఒక టేపు కూడా పట్టుకెళ్ళండి. మీ ఊరి ప్రభకి ఎన్ని వెదుళ్ళు, ఎంత పొడవు, ఏ కట్టు ఎలా కడతారు, ఎవరు ఏ మూల మోస్తారు, కట్టే పెద్దాయన్ని అడిగి రాసుకోండి. ఆ తర్వాత కాసేపు భుజం పెట్టండి. ఇంట్లో సిమ్యులేటర్ ఫ్రేము ఎంత పెంచాలో ఆ పది నిమిషాల్లో బాగా అర్థమవుతుంది.