మన పూర్వుల వంటయింట మాంసము

ప్రవాసాంధ్ర సంఘముల సంచికలలో మన పూర్వులు కట్టించిన దేవాలయములను గూర్చియు, వారు పోషించిన కవులను గూర్చియు వ్యాసములు విరివిగా వచ్చుచున్నవి. వారు ఏమి తినిరో వ్రాయువారు మాత్రము అరుదు. వ్రాసినను పులిహోర, బొబ్బట్ల దగ్గరనే కలము ఆగిపోవును. ఇటీవల కొన్ని కుటుంబములవారు అచ్చొత్తించిన వంశచరిత్రలలో తమ తాతముత్తాతలు మాంసము ముట్టనివారని వ్రాయించుట కూడ మేము చూచితిమి. ఆ యిండ్లలోనే కులదేవతకు మేకపోతును మొక్కుకొను ఆచారము తరతరములుగా నడచినదని మాకు తెలియును. పరరాష్ట్రమున అద్దె యిల్లు అడుగబోయినపుడు ‘మీరు తినువారా?’ అను ప్రశ్నకు జంకి జంకి, తుదకు చరిత్రనే దిద్దుకొను స్థితి వచ్చినది. అందుచేత ఉన్నది ఉన్నట్లు నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము. సాక్ష్యములకై దూరము పోనక్కరలేదు. మనము స్థిరపడిన ప్రాంతములలోనే అవి యున్నవి.

గంజాము జిల్లాలో, బరంపురమునకు కొలది దూరమున, ఋషికుల్యా నది చేరువ జౌగడ యను చోట అశోకుని శాసనములు చెక్కిన బండ కలదు. అందలి మొదటి శాసనము ఒక విధముగా వంటశాల లెక్క. పూర్వము రాజుగారి వంటశాలలో కూరలకై దినదినము అనేక లక్షల ప్రాణులు చంపబడుచుండెననియు, శాసనము వ్రాయించునాటికి మూడు మాత్రమే చంపబడుచున్నవనియు, అవి రెండు నెమళ్లు, ఒక లేడి యనియు, ఆ లేడియు నిత్యము కాదనియు, ఇకమీదట ఆ మూడును చంపబడవనియు దాని తాత్పర్యము. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోను ఈ శాసనమే కలదు. జీవితమంతయు కచేరీలో పద్దులు వ్రాసిన మాకు ఇది మిక్కిలి ప్రీతిపాత్రమైనది. లక్షలన్నది ఉజ్జాయింపు లెక్క కావచ్చును. రెండు నెమళ్లు, ఒక లేడి యన్నది నికరమైన పద్దు. కళింగ యుద్ధము తరువాత అహింసను బోధించిన చక్రవర్తి, తన యింట ఆ పని ఇంకను పూర్తిగా మానలేదని రాతిమీద చెక్కించెను. అదియు తాను జయించిన కళింగదేశపు ప్రజల యెదుటనే. అంతయు మానివేసితినని చెప్పినచో కాదనగలవారెవరు? అయినను ఆ మూడు ప్రాణులను ఆయన లెక్కనుండి కొట్టివేయలేదు.

రుచి విషయమున మన పూర్వులకు దాపరికము లేదు. అశోకునికి సుమారు పదునాలుగు వందల యేండ్ల తరువాత, నేటి కర్ణాటకములోని బసవకల్యాణము రాజధానిగా చాళుక్యులు ఏలిరి. తెలంగాణమును ఏలినవారును వారే. కాకతీయులు మొదట వారి సామంతులు. ఆ వంశమున 12వ శతాబ్దిలో రాజ్యము చేసిన మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున మానసోల్లాసమను గ్రంథము వెలయించెను. అందు రాజభోగములలో భోజనము నొకటిగా లెక్కించి, పందిమాంసమును కాల్చు విధము, చేపలను వండు విధము, తాబేలు మాంసపు రుచి, తుదకు పొలములలోని ఎలుకలను వేడినూనెలో వేయించు విధము సైతము వివరించెను. ఎలుక మాట చదివి నేటివారు ముక్కు మూసికొందురేమో. వ్రాసిన రాజు ఏమాత్రము సంకోచింపలేదు.

విజయనగరమునకు వచ్చినచో సాక్ష్యము మరింత బలపడును. తమిళనాటను, కర్ణాటకమునను నేడున్న తెలుగు కుటుంబములలో పెక్కింటి వలసకథ ఆ సామ్రాజ్యముతో ముడివడినదే కదా! కృష్ణదేవరాయల కాలమున, సుమారు 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు వర్తకుడు పాయెస్, ప్రతి వీథిలోను గొర్రెమాంసము అమ్మువారు కలరనియు, అది శుభ్రముగా కొవ్వెక్కి యుండుననియు మెచ్చుకొనుచు వ్రాసెను. మహర్నవమి ఉత్సవముల కడపటి దినమున 250 దున్నపోతులు, 4500 గొర్రెలు బలియైనవని ఆతడే లెక్క చెప్పెను. ఆ ఉత్సవమునకు అధ్యక్షుడైన రాయలే ఆముక్తమాల్యద వ్రాసిన పరమవైష్ణవుడు! మరి పదునైదేండ్లకు వచ్చిన నూనిజ్, ఇచ్చటి రాజులు ఆవును తప్ప ఇంచుమించు అన్నిటిని తినువారని వ్రాసి, గొర్రె, పంది, లేడి, కుందేలు, కౌజు, పావురము మొదలుకొని పిచ్చుక, ఎలుక, పిల్లి వరకు పేర్కొనెను. ఆతడు చెప్పిన మరియొక మాట మాకు ముఖ్యముగా తోచినది. ఆ అంగడిలో వేటప్రాణులను ప్రాణముతోనే అమ్మవలెనట; కొనువాడు తాను కొనునది ఏదో కన్నులార చూచి కొనవలెనట.

తినుట ఒక యెత్తు, దేవునికి పెట్టుట మరియొక యెత్తు. కన్నప్ప కథ తెలుగువారికి పాల్కురికి సోమనాథుడు, ధూర్జటి చెప్పిరి. తమిళులకు సేక్కిళారు చెప్పెను. కావున రెండు భాషల నడుమ బ్రదుకుచున్న మనకు అది రెండు విధముల సొత్తు. వేటగాడు మాంసమును కాల్చి, ముక్కముక్కయు తాను రుచి చూచి, మంచివి ఏరి శివునికి పెట్టెను. అర్చకుడు వచ్చి చూచి విలవిలలాడెను. స్వామి వేటగాని భక్తిని మెచ్చెనే గాని అర్చకుని వెళ్లగొట్టలేదు. నేటికిని శ్రీకాళహస్తిలో కన్నప్ప విగ్రహము పూజలందుకొనుచున్నది. మాంస నైవేద్యము మాత్రము లేదు. ఈ రెంటికి పొత్తు కుదుర్చుటకు పండితులు చెప్పు సమాధానములు కొన్ని వింటిమి, గాని అవి మాకు తృప్తి నీయలేదు.

అరణ్యపర్వమున ఎర్రన తెలిగించిన భాగములోని ధర్మవ్యాధుని సమాధానము ఇంతకంటె నిర్మొగమాటమైనది. మిథిలలో మాంసమమ్ము ఆ పుణ్యాత్ముడు తాను చంపడు, తినడు. ఇతరులు చంపినది అమ్మును. అది దోషము కాదని ఆతడు వాదింపలేదు. కాని నాగలి మోపిన రైతు మట్టిలోని ప్రాణులను ఎన్నింటిని చంపుచున్నాడో చూడుమని, తన్ను ప్రశ్నించిన కౌశికునికే ప్రశ్న వేసెను.

యానాము ప్రాంతపు మిత్రులకు ఈ సంకటము పులసచేప రూపమున తెలియును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని గోదావరి సామెత. వరదలకాలమున సముద్రమునుండి ఎర్రనీటికి ఎదురీది వచ్చు ఆ చేపను చింతపండు పులుసులో, బెండకాయలు వేసి, మట్టిదాకలో సన్నని సెగమీద వండి, మరునాడు తినినవాడు ఆ రుచిని మరువడు. అయితే అది ఎదురీది వచ్చునది గ్రుడ్లు పెట్టుటకై. మనము లొట్టలు వేయునది గ్రుడ్లతో నిండిన తల్లిచేపను చూచియే. నేడు పులస అరుదై, ఒక్కొక్కటి వేల రూపాయలు పలుకుచున్నది.

ఇక చట్టముల సంగతి. గుడులలోను వాటి ఆవరణములలోను జంతుబలిని నిషేధించుచు మద్రాసు రాష్ట్రము 1950 లో చట్టము చేసెను. ఆంధ్ర జిల్లాలు అప్పటికింకను అందులోనివే. బరంపురమువారు 1936 లోనే ఒరిస్సాలో చేరినందున ఈ చట్టమునకు వెలుపల నుండిరి. మైసూరు రాష్ట్రము 1959 లో అట్టి చట్టమే చేసెను. తమిళనాట ఆ చట్టము చాలకాలము పుస్తకములకే పరిమితమై, 2003 లో కఠినముగా అమలుజరుప ఆజ్ఞలు వెలువడగా గ్రామములలో కలత రేగి, 2004 లో రద్దయినది. బలి మంచిదని మేము వాదించుట లేదు. దున్నపోతు మెడమీద కత్తి పడుట చూచి నిద్రపట్టనివారిలో మేము నొకరము. కాని చట్టము గుడి ముంగిటి కత్తినే ఆపినది, దుకాణపు కత్తిని ఆపలేదు. మొక్కుకొన్న పోతును ఇంటిల్లిపాది ఏడాది మేపి, పసుపు పూసి, పిల్లలు ఏడ్చుచుండగా సాగనంపెడివారు. ఇప్పటి పిల్లలకు మాంసమనగా నల్లసంచిలో వచ్చునది.

వంశచరిత్రలు వ్రాయదలచినవారు తమ యింటి ముసలివారు ఉండగానే వారి నడిగి వ్రాసికొనదగిన సంగతులు పెక్కు కలవు. జాతరనాడు పోగులు వేయునపుడు తలకాయ ఎవరి వంతు, చాకలికి, డప్పు వాయించినవానికి ఏమి ముట్టెను? కార్తికమాసమున మాంసపు కుండలు ఏ అటకమీదికి ఎక్కెను? పెరటిపొయ్యి ఎప్పుడు నడింటిలోనికి వచ్చెను? భర్త పోయిన నాటినుండి మాంసము మాన్పింపబడి, అయినను ఉప్పు కారము వాసనతోనే సరిచూచి ఇంటిల్లిపాదికి వండిపెట్టి, తాము మజ్జిగ అన్నముతో లేచిపోయిన మేనత్తలు ఎందరు? వారి పేర్లైనను ఆ చరిత్రలలో వ్రాయుడు.