పాత మారుతి 800: సాధారణ లోపాలు, నిర్వహణ వ్యయం

మారుతి 800 అనేది 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి వరకు గుర్‌గావ్ కర్మాగారంలో తయారైన చిన్న పెట్రోలు కారు. తయారీ ఆగి పదేళ్లు దాటినా సెకండ్ హ్యాండ్ బజారులో ఇప్పటికీ చేతులు మారుతోంది. కొత్తగా కారు నడపడం నేర్చుకునేవారు, తక్కువ ధరకు నాలుగు చక్రాల బండి కావాలనుకునే కుటుంబాలు దీన్ని ఎక్కువగా కొంటారు. ఇంజను లోపాలు చాలావరకు మామూలు షెడ్డులోనే సరవుతాయి. కొన్నవారిని నిజంగా నష్టపరిచేవి రెండే: బాడీకి పట్టిన తుప్పు, సరిగా లేని కాగితాలు.

తరాలు, నమూనాలు

మొదటి నమూనా జపాన్ సుజుకీ ఫ్రంటె ఆధారంగా వచ్చింది. దాని తొలి ధరను కొందరు రూ. 47,500 అని, కొందరు రూ. 52,500 అని రాశారు. మొదటిది కర్మాగారం ధర, రెండోది ఢిల్లీలో కొనుగోలుదారుకు పడిన ధర అన్న వివరణ ఎక్కువ సబబుగా కనిపిస్తుంది. 1986లో రెండో తరం ఆల్టో ఆకారంతో కొత్త బాడీ వచ్చింది. నేడు అమ్మకానికి దొరికేవి దాదాపు అన్నీ ఈ రకానివే.

ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లది. కార్బొరేటర్ రకం శక్తి సుమారు 37 హార్స్‌పవర్, గేర్లు నాలుగు. 2000 ప్రాంతంలో కార్బొరేటర్ స్థానంలో ఎంపీఎఫ్‌ఐ అనే ఇంధన ఇంజెక్షన్ విధానం వచ్చింది. అదే కాలంలో 12 వాల్వులు, ఐదు గేర్లతో సుమారు 45 హార్స్‌పవర్ రకాన్ని కూడా అమ్మారు. అది కొద్ది ఏళ్లే నడిచింది కనుక అరుదు.

2010 ఏప్రిల్‌లో 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి రావడంతో అక్కడ ఈ కారు అమ్మకం ఆగింది. ఆ నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అందువల్ల అంతకన్నా తర్వాతి మోడల్ కావాలంటే జిల్లాల్లో రిజిస్టరైన బండ్లే వెతకాలి.

ఇంజను, చల్లదన వ్యవస్థ

ఈ ఇంజనుకు అతిపెద్ద శత్రువు వేడి. రేడియేటర్ చిన్నది, ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది. రేడియేటర్‌లో మడ్డి పేరుకున్నా, ఫ్యాన్‌ను ఆన్ చేసే థర్మో స్విచ్ పాడైనా, వాటర్ పంపు కారినా ట్రాఫిక్‌లో వేడి ముల్లు పైకి పోతుంది. అలాగే నడిపితే అల్యూమినియం హెడ్ వంగి, హెడ్ గాస్కెట్ పోతుంది. ఆయిల్ పోసే మూత లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కనబడినా, చల్లారిన రేడియేటర్ నీటిపై ఆయిల్ తేలినా గాస్కెట్‌ను అనుమానించాలి. అలాంటి బండికి కొత్త గాస్కెట్ వేస్తే సరిపోదు. హెడ్‌ను లేత్ వర్క్‌లో చదును చేయించకపోతే అదే లోపం తిరగబెడుతుంది.

పొగను బట్టి కూడా చాలా చెప్పవచ్చు. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసినప్పుడు కొద్దిసేపు నీలిపొగ వచ్చి ఆగితే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వస్తుంటే రింగులు అరిగి ఇంజను బోరుకు వచ్చినట్టు. మొదటిది చిన్న పని, రెండోదానికి ఇంజను దించాలి.

కార్బొరేటర్ రకాల్లో మిస్సింగ్, ఉదయం ఆలస్యంగా స్టార్ట్ కావడం, ఐడిలింగ్ నిలవకపోవడం తరచూ వినే ఫిర్యాదులు. జెట్లలో మురికి, పాయింట్ల అరుగుదల, టాపెట్ల సందు తప్పడం వీటికి సాధారణ కారణాలు. అనుభవమున్న మెకానిక్ ట్యూనింగ్‌తో సరిచేయగలడు. ఎంపీఎఫ్‌ఐ రకాల్లో ఇవి తక్కువే కానీ, పెట్రోలు పంపు గాని సెన్సర్ గాని పోతే స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవారు చెప్పలేకపోతే, కొన్న వెంటనే మార్పించడం క్షేమం.

2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సాధారణమైంది. ఈ కారు ఆ ఇంధనం కోసం రూపొందినది కాదు. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం, గాస్కెట్లు దానివల్ల ఉబ్బి చిట్లవచ్చు. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే గొట్టాలన్నీ ఒకేసారి మార్పించడం మంచిది.

స్టీరింగ్, సస్పెన్షన్, బాడీ

స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలించినప్పుడు ముందు చక్రం దగ్గర టక్‌టక్ చప్పుడు వస్తే యాక్సిల్ జాయింట్ అరిగినట్టు. సాధారణంగా దానిపై రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, దుమ్ము చేరడంతో ఇది మొదలవుతుంది. బాల్ జాయింట్లు, బుష్‌లు, షాక్ అబ్సార్బర్లు అరిగేవే, మార్చుకోగలిగేవే.

బాడీ సంగతి అలా కాదు. రేకు పలుచన. బ్యాటరీ పళ్లెం, తలుపుల కింది పట్టీలు, చక్రాల కమ్ములు, కాళ్ల కింది ఫ్లోరు ముందుగా తుప్పు పడతాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో తిరిగిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. పైన కొత్త రంగు మెరుస్తుంటే మ్యాట్లు ఎత్తి, ఫ్లోరును స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మెత్తగా పలుకుతుంది. సస్పెన్షన్ బిగించిన చోట రేకు తిన్నదంటే అతుకులు వేసినా భద్రత తిరిగి రాదు. అలాంటి బండి ఎంత చవకగా వచ్చినా కొనకూడదు. ఈ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు కనుక ప్రయాణికుల రక్షణ బాడీ గట్టిదనం, సీటు బెల్టుల మీదనే ఆధారపడి ఉంది.

కాగితాలు

సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ తనిఖీతో ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. కేంద్రం పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ. 600 నుంచి రూ. 5,000కు, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు రూ. 10,000కు పెంచింది. హరిత పన్ను దీనికి అదనం. బండి పేరు మార్పుకు 29, 30 ఫారాలు, అప్పు తీరిన బండికి 35వ ఫారం కావాలి.

తెలంగాణలో ఈ కారు దాదాపు ఎప్పుడూ ఏపీ నంబరుతోనే కనిపిస్తుంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడటానికి ముందే తయారీ ఆగిపోవడం ఇందుకు కారణం. కాబట్టి నంబరులో ఏపీ ఉందని బండి ఆంధ్రప్రదేశ్‌దని అనుకోరాదు. ఏపీ 09 హైదరాబాద్‌ది, ఏపీ 16 కృష్ణా జిల్లాది. వేరే రాష్ట్రం బండిని కొని సొంత రాష్ట్రంలో రిజిస్టర్ చేయించాలంటే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), లైఫ్ ట్యాక్స్ అవసరమవుతాయి. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లపై ఆంక్షలున్నందున అక్కడి నుంచి వచ్చే చవక బండ్ల విషయంలో ఈ లెక్క ముందే వేసుకోవాలి.

నిర్వహణ వ్యయం

విడిభాగాల కొరత పెద్దగా లేదు. ఇదే 796 సీసీ ఇంజను కుటుంబం ఓమ్నీలో 2019 వరకు, ఆల్టోలో 2023 వరకు కొనసాగడమే అందుకు కారణం. కొరత కనిపించేది లైట్లు, అద్దాలు, తలుపుల బీడింగు వంటి బాడీ సామానులోనే.

మంచి కండిషన్‌లో ఉన్న బండి లీటరుకు సుమారు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, ఏడాదికి 10,000 కిలోమీటర్లకు దాదాపు 667 లీటర్లు పడుతుంది. లీటరు రూ. 108 లెక్కన అది రూ. 72,000. 2022 జూన్‌లో నిర్ణయించిన ప్రకారం 1000 సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ బీమా ప్రీమియం రూ. 2,094, పన్ను అదనం. అంటే రోజూ తిప్పేవారికి ఒకటి రెండేళ్ల పెట్రోలు ఖర్చే బండి కొన్న ధరను మించవచ్చు. అప్పుడప్పుడు తీసేవారికి మాత్రం బ్యాటరీ, టైర్లు, ఆర్‌సీ పునరుద్ధరణ వంటి కాలంతో వచ్చే ఖర్చులే ప్రధానం.

ఫిట్‌నెస్‌కు నిలవని బండిని గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రంలో అప్పగించి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఆ పత్రంపై కొత్త సొంత వాహనం పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలుంది. పాత ఆర్‌సీ రద్దయినట్టు రవాణా శాఖ రికార్డులో నమోదైందీ లేనిదీ చూసుకుంటేనే యజమాని బాధ్యత పూర్తిగా తీరుతుంది.